గాలపు పందెములు

ఆంగ్లేయులు మంచినీటి చేపలను రెండు తెగలుగా విభజించిరి. సాల్మను, ట్రౌటు మొదలగునవి ఉత్తమజాతి చేపలు, పెద్దమనుష్యులు వేటాడదగినవి. తక్కిన రోచి, బ్రీము, టెంచి, పెర్చి, కార్పు మున్నగు వానికన్నిటికిని కలిపి మోటుచేప లని పేరు. పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గు లెంచుట మన దేశపు వ్యాధి యని తలచుచుండిన నాకు, నీటిలోని ప్రాణులకు గూడ అట్టి మర్యాదయే జరిగినదని వినినప్పుడు నవ్వు వచ్చినది. నేను వ్రాయబోవునది ఆ మోటుచేపలను గూర్చియే. వానిని గాలముతో పట్టు పందెములలో నేను మూడు మాఱులు కూర్చుంటిని.

ఈ పందెములు దొరల వినోదములు కావు. షెఫీల్డు వంటి పట్టణములలో ఉక్కు కార్ఖానాల పొగలో వారమంతయు పనిచేసినవారు సెలవునాడు ప్రత్యేకపు రైళ్లలో లింకన్‌షైరు నదులకు పోయి, ఒడ్డున బారులుగా కూర్చుండి, ఎవరి చేపలు ఎక్కువ తూగునో తేల్చుకొనెడివారు. ఇట్టివారి సంఘములు కలిసి 1903లో ఒక జాతీయ సమాఖ్యగా ఏర్పడెను. 1906లో మొదటి అఖిల ఇంగ్లండు పోటీ జరిగెను. గాలపువేటను గూర్చిన గ్రంథములు వారికి అంతకంటె మిక్కిలి పూర్వమే కలవు. వానిలో ఒకటి 1496లోనే అచ్చయ్యెను. 1653లో ఐజాక్ వాల్టను ప్రకటించిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ నేటికిని అచ్చగుచున్నది. జాన్ డన్, జార్జి హెర్బర్టు అను భక్తకవుల చరిత్రములు వ్రాసినవాడును ఈ వాల్టనే. సువార్తలలోని జాలరులు వలలవారు. గాలము ప్రసక్తి వచ్చునది, పన్ను చెల్లించుటకు పేతురును సముద్రమునకు పంపిన ఒక్క సందర్భముననే. ఆ చేప నోట నాణెముండెనని మనము చదువుకొంటిమి. నాకు చిక్కినవానిలో నాణెము లేవియు లేవు.

2019వ సంవత్సరపు వేసవి సెలవులలో, ఇంగ్లండు నడుమభాగమున నివసించు మా అక్కగారి యింటికి పోయితిని. వారి పొరుగున ఒక వృద్ధుడుండెను. చిరకాలము బస్సు నడపి విశ్రాంతి గైకొన్నవాడు; ఆ ప్రాంతపు గాలపు సంఘమున సభ్యుడు. కృష్ణాజిల్లా పల్లెలో చెఱువుగట్టున పెరిగినవాడనని మా బావగారు నన్నుగూర్చి చెప్పగా, ఆయన సంతోషించి తన గాలపు కఱ్ఱలలో నొకటి నాకు ఎరవిచ్చెను. ప్రభుత్వపు అనుమతిపత్రము కొనవలసివచ్చెను. పదుమూడేండ్లు నిండిన ప్రతివాడును అది కలిగియుండవలయును. పదునాఱేండ్ల వఱకు దానికి రుసుము లేదు.

అప్పుడు మే నెల. మార్చి 15 మొదలు జూన్ 15 వఱకు అక్కడి నదులలో మోటుచేపలకు గాలము వేయరాదు. అవి గ్రుడ్లు పెట్టు కాలము. 1878 నాటి శాసనముతో ఈ కట్టుబాటు ఆరంభమయ్యెను. నిలువనీటి కొలనులలో అధికభాగమునకు 1995లో దీనిని సడలించిరి గనుక, వేసవి సెలవులవాడనైన నాకు కొలనులే శరణ్యమయ్యెను. అట్టి కొలనులు అనేకము ఇటీవలి దశాబ్దములలో పందెములకొఱకే త్రవ్వించి, కార్పులను పెంచినవి. మేము పోయిన కొలను గోధుమ చేల నడుమ పొడుగుగా ఉండెను. ఒడ్డు పొడుగునను నీటిలోనికి చొచ్చినట్లు చెక్కబల్లలు, వానిపై అంకెలు. ఆ స్థానములను వారు మేకులందురు; పూర్వము మేకులు పాతి హద్దులు గుర్తించుటచే ఆ పేరు నిలిచినది.

పందెపు మొదటి ఘట్టము చీట్లు తీయుట. పదునెనిమిదిమంది తలకొక కొంత సొమ్ము చెల్లించి, వరుసగా సంచిలో చేయిపెట్టిరి. ఏ అంకె చేతికి వచ్చునో ఆ బల్లయే ఆనాటికి వాని పొలము. రెల్లుమొక్కలు గల మూల చిక్కినవాని ముఖము వికసించెను. ఎండ తీక్ష్ణముగా పడి, చేప నిలువని నడిమిబల్ల చిక్కినవాడు చీటి మడిచి జేబులో వేసికొనెను. మార్చుకొను ఆచారము లేదు. ఆ దినమంతయు ఒక్కడును తన చీటినిగూర్చి పెద్దగా మాటలాడకపోవుట నాకు వింతగా నుండెను. సాయంకాలము మాత్రము అందఱును దానిని గూర్చియే మాటలాడిరి.

ఇక సాధనములు. మా యూరిలో వెదురుగెడ, నూలుత్రాడు, జీలుగుబెండు, వానపాము, ఇంతటితో సరి. అక్కడ గెడ పదునొకండు మీటర్ల పొడవు గలది. నిపుణులు పదునాఱు మీటర్లది కూడ వాడుదురు. కార్బను నారతో చేసినది గనుక మిక్కిలి తేలిక. కాని విద్యుత్తును ప్రవహింపజేయును. అందుచే తీగెలు పోవుచోట దానిని ఎత్తుట ప్రాణాపాయము. దానికి చక్రము లేదు. గెడకొన లోపల సాగెడు రబ్బరుత్రాడు అమర్చియుండును. చేప లాగినకొలది అది సాగి, దాని బలమును హరించును. చేప అలసిన పిదప గెడను వెనుకకు జార్చి, తునుకలుగా విడదీసి, చిన్నవలతో అందుకొందురు. దారమునకు పూర్వము సీసపు గుండ్లు కట్టెడివారు. నీటి అడుగున పడిన ఆ గుండ్లను హంసలు రాళ్లనుకొని మ్రింగి చచ్చుచుండుటచే, 1987లో వాని అమ్మకమును నిషేధించిరి. వృద్ధుని పెట్టెలో ఉన్న బెండ్లలో ఒకటి నాకు ఎంతయు నచ్చెను. అది నెమలి యీక కాడ! మన అడవిపక్షి యీక ఆ చలిదేశపు నీటిలో నిలువుగా నిలిచి, చేప ముట్టినంతనే చిన్నగా తల వంచును. మొదటి పందెమున నా కన్నులు దానిని విడువలేదు.

గాలము వేయుటకు ముందు సీసముకాని చిన్న గుండుతో నీటి లోతు కొలుతురు. అంగుళము తేడాయైనను బెండు సర్దుదురు. చేప అడుగున మేయుచున్నదా, నడుమ తిరుగుచున్నదా యనునదే ఆనాటి ప్రశ్న. ఎరకు ఈగపిల్ల పురుగులు, మొక్కజొన్నగింజలు, రొట్టెముక్కలు. ఉడికించిన గంజాయివిత్తులు కూడ! ఇది చదివి తలిదండ్రులు కంగారుపడనక్కఱలేదు. విత్తులలో మత్తు లేదు. చేపకు వాని రుచి యిష్టము, అంతియే. అయినను వానిచే చేపలు మత్తెక్కునని పూర్వము కొన్ని సంఘములవారు గూడ నమ్మి, వానిని మానిపించిరట.

నేర్పంతయు మేత చల్లుటలో నున్నది. ఎక్కువ చల్లిన చేపల కడుపు నిండి కొక్కెమును ముట్టవు. తక్కువైనచో పొరుగువాని బల్లకు పోవును. గుప్పెడు పురుగులను ఒక్కమాఱు విసరువాడు ఓడును. అయిదాఱు పురుగులు, మఱల కొంతసేపటికి అయిదాఱు. దీనినే గంటలకొలది చేయువాడు గెలుచును. శిక్షణ కళాశాలలో మేము బోధనాభ్యాసము చేయునాడు, ఒక్క గంటలో పాఠమంతయు పిల్లలపై కుమ్మరింపవలదని మా అధ్యాపకులు పలుమాఱులు చెప్పెడివారు. ఆ ఉపన్యాసము వినుటకు మాకు రెండేండ్లు పట్టినది. బస్సు నడపిన వృద్ధుడు అదే సంగతి అరనిముసమున చూపెను.

మొదటి రెండు పందెములలో చెప్పదగినది లేదు. మొదటిదానిలో పదునెనిమిదిమందిలో పదునేడవవాడను. రెండవదానిలో మంచి మూల చిక్కి ఎనిమిదవవాడనైతిని. మూడవదానిలో నా ప్రక్కబల్ల వృద్ధుని మనుమనికి వచ్చెను. వానికి పండ్రెండేండ్లు, మా యాఱవ తరగతి బాలురకంటె పొడవరి కాడు. తన పెట్టెపై కదలక కూర్చుండి, ఎడమచేత మేత చల్లుచు, కుడిచేత గెడ పట్టి, ఒక్కొక్క చేపనే లాగుచుండెను. మధ్యాహ్నమునకు వాని వలసంచి నాదానికి ఇబ్బడి బరువై యుండునని నేనే గ్రహించితిని. వాడును గ్రహించెను, ఎందుకనగా మధ్యమధ్య నా సంచివైపు చూచి, మర్యాదకొఱకు నవ్వు నాపుకొనుచుండెను.

మూడుగంటలకు ఈల వేసిరి. ఆ సంఘపు నియమము ప్రకారము, ఈలకు ముందు కొక్కెమున చిక్కిన చేప లెక్కకు వచ్చును. తరువాత చిక్కినది రాదు. ఈల మ్రోగుచుండగనే బాలుని బెండు మునిగెను. వాడు గెడ నెత్తెను. రబ్బరుత్రాడు సాగి నీటిలోనికి పోయెను. కొంత పెనుగులాట పిమ్మట వలలోనికి వచ్చినది ఆకుపచ్చని టెంచి. రెండు పౌనులకు తక్కువ యుండదు. నియామకుడు దూరముగా నుండెను. తక్కినవారు సామానులు సర్దుకొనుచుండిరి. చూచినవాడను నేనొక్కడను. బాలుడు నావైపు చూచి, “ముందు ఈలయా, ముందు బెండా?” అని యడిగెను. నిజము చెప్పవలెనన్న నాకును తెలియదు. ఆ రెండును నాకు ఒక్కసారియే తోచినవి. అట్లే చెప్పితిని. వాడు కొంతసేపు చేపను చూచి, “ఈలయే” అని, వలను వంచి దానిని నీటిలో విడిచెను.

తరువాత తూకము. ఇద్దఱు మనుష్యులు త్రాసు తీసికొని బల్లబల్లకు వచ్చి, చేపలను తడివలలో నుంచి, ఎవరివి వారియెదుటనే తూచి, బరువు బిగ్గరగా చదివి, అప్పటికప్పుడే నీటిలో విడుతురు. నావి అయిదు పౌనుల రెండు ఔన్సులు. బాలునివి పదునొకండు పౌనుల నాలుగు ఔన్సులు. మూడవ బహుమానము పొందినవానివి పదునొకండు పౌనుల పది ఔన్సులు. ఆ ఆఱు ఔన్సుల లెక్క వినగానే వాడు ముఖము త్రిప్పుకొని చొక్కాచేతితో కన్నులు తుడుచుకొనెను. కారువద్దకు పోవువఱకు ఎవరినో, బహుశః ఈలనే, తిట్టుచుండెను. నేను జరిగినది తాతతో చెప్పితిని. ఆయన విని, మనుమనితో, “వల కడిగితివా?” అని మాత్రము అడిగెను. మా పాఠశాలలో నైనచో వానిని ప్రార్థనాసభలో నిలువబెట్టి మెచ్చుకొనియుందుము. ఆ వృద్ధుని పద్ధతియే మేలని నా అభిప్రాయము.

అయినను ఒక సందేహము నన్ను విడువలేదు. తినుటకు కానప్పుడు ఆ ప్రాణికి కొక్కెమేల? అక్కడివారు కొక్కెమునకు ముల్లు లేకుండ చేసి, చేపను తడిచేతులతోనే పట్టి, గాయము కాకుండ విడుతురు. మనము సంతలో బురదజెల్లలను గంపలో గంటలకొలది కొట్టుకొననిచ్చుటకంటె అది దయగల పనియే. కాని ట్రౌటుచేప పెదవులయందు గాయమును గ్రహించు నాడులు కలవని 2003లో లిన్ స్నెడన్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానిని బాధ యనవచ్చునా యని పండితులలో వాదము సాగుచునే యున్నది. ఈ సంగతి వృద్ధునితో ప్రస్తావింపగా ఆయన కోపింపక, ఈ కొలనిని శుభ్రముగా నుంచునది గాలమువారే యనియు, వారు మానినచో దీనిని పూడ్చి చేను చేయుదురనియు చెప్పెను. అదియు నిజమే కావచ్చును. నా మనస్సు మాత్రము పూర్తిగా సమాధానపడలేదు. అయినను మఱల పిలిచినచో పోవుదునని కూడ నాకు తెలియును.

ఇంటికి వచ్చి మా తండ్రితో ఈ కథయంతయు చెప్పితిని. ఆయన వ్యవసాయకూలి. మా చిన్ననాట పని ముగిసినపిదప దీపాలవేళ వఱకు చెఱువున గాలము వేసెడివాడు. కొరమీను చిక్కిన ఆ పూట పులుసు, చిక్కనినాడు పచ్చడిమెతుకులు. ఆ చెఱువు ఇప్పుడు వేలముపాటలో పాటదారుని పరమైనది. మా తండ్రి గాలమును అక్కడ వేయనీయరు.

“ఏమిరా, పట్టినదానిని మరల నీటిలో విడిచితివా?” అనెను.

“అందఱును విడిచిరి నాన్నా.”

“అయిదుగంటలు కూర్చుండియా?”

“అవును.”

ఆయన చాలసేపు ఏమియు అనలేదు. పిదప, అక్కడ నీరు ఎంతలోతు, చేప ఉదయము ముట్టునా, ఎండ యెక్కినపిదప ముట్టునా, పురుగును కొక్కెమునకు తలవైపున గ్రుచ్చుదురా తోకవైపున గ్రుచ్చుదురా యని వరుసగా అడుగసాగెను. వృద్ధుడు నాకు బహూకరించిన నెమలియీక బెండును చేతిలోనికి తీసికొని, వెలుతురులో అటునిటు త్రిప్పి చూచి, తన జీలుగుబెండును ఊడదీసి దీనిని కట్టుకొనెను. ఆ సాయంకాలము పంటకాలువగట్టునకు పోయి రెండు జెల్లలు తెచ్చెను. వానిని విడుచు ప్రసక్తి రాలేదు. మా తల్లి పులుసు పెట్టెను.