డబ్బా మీది హెర్ట్జ్

మంచిర్యాల నుంచి మా అక్క కొడుకు ఫోన్: "మామా, 240 హెర్ట్జ్ మానిటర్ తీస్కుంటున్న." వానికి పీసీ ఉంది, పీఎస్5 కూడా ఉంది. అరే, పీఎస్5 120 దాటి పంపదు కదరా! మిగిలింది పీసీకే పనికొస్తది, అదీ గ్రాఫిక్స్ కార్డు అన్ని ఫ్రేములు తీయగలిగితేనే.

డబ్బా మీది అంకె తర్వాత, ముందు వెనకాల పోర్టులు చూడాలె. చాలా మానిటర్లల్ల ఆ పెద్ద అంకె డిస్‌ప్లేపోర్ట్‌కే వర్తిస్తది. పీఎస్5కు ఆ పోర్టే లేదు, హెచ్‌డీఎంఐ ఒక్కటే దిక్కు. 4కేల సరిగ్గా 120 రావాల్నంటే అది 2.1 అయి ఉండాలె. ఇంకో మెలిక: ఫ్రీసింక్ స్టిక్కర్ చూసి మురిసిపోవద్దు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ దానికి ఒప్పుకుంటది గానీ పీఎస్5 మాత్రం హెచ్‌డీఎంఐ 2.1 వీఆర్ఆర్ ఉంటేనే వింటది.

నా ఓటు 27 అంగుళాల 1440పీకే. మొదట్ల పీఎస్5 దాన్ని పట్టించుకోలే, 2022 సెప్టెంబర్ అప్‌డేట్‌తోటి దారికొచ్చింది. 4కే బాగుంటది, కాదనను. కానీ దాన్ని పీసీల లాగాల్నంటే కార్డుకే మానిటరంత ఖర్చు. చవక మానిటర్ల మీద రాసే హెచ్‌డీఆర్ 400 సంగతి అడగకుండ్రి, ఉన్నా లేనట్టే.

వాడు వింటడా! సికింద్రాబాద్ సీటీసీకి పోయి కండ్లతోటి చూసి కొంటడట. పీఎస్5 సంకల పెట్టుకొని పొమ్మన్న. కరీంనగర్ల దిగితే నేను గూడ వస్త.