రెండో పేరు

అమెరికాలో అధ్యక్ష ఎన్నికలొచ్చిన ప్రతి వేసవిలోనూ ఉపాధ్యక్ష అభ్యర్థి ఎవరన్న ఊహాగానాలు మొదలవుతాయి. పెళ్లి సంబంధం వెతికినట్టే ఉంటుంది ఆ వరస. ఏ రాష్ట్రం, ఏ మతం, వయసెంత, పాత గొడవలేమైనా బయటపడతాయా? 2004 జూలైలో డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెర్రీ ఎంపిక డిక్ గెఫార్ట్ అని న్యూయార్క్ పోస్ట్ మొదటి పేజీలో అచ్చేసింది. ఆ ఉదయమే కెర్రీ జాన్ ఎడ్వర్డ్స్ పేరు ప్రకటించాడు. 2000లో జార్జి బుష్‌కు తగిన మనిషిని వెతికే బాధ్యత డిక్ చెయినీకి అప్పగిస్తే, చివరికి ఆయనే ఖాయమయ్యాడు. అభ్యర్థులిద్దరూ ఒకే రాష్ట్రంవాళ్లయితే, ఆ రాష్ట్రం తరఫున వాళ్లను ఎన్నుకునే ఎలక్టర్లు ఇద్దరికీ ఓటెయ్యకూడదు. అందుకని చెయినీ టెక్సాస్‌లోని తన ఓటును వయోమింగ్‌కు మార్చుకున్నాడు.

ఈ లెక్కలన్నీ నవంబరులో ఓట్లు పడేదాకానే. ఆ తర్వాతి మాట ఎవరూ ఎత్తరు. నా బాధ అదే.

1944లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆరోగ్యం దెబ్బతిన్నదని డెమొక్రటిక్ పార్టీ పెద్దలకు తెలుసు. అప్పటి ఉపాధ్యక్షుడు హెన్రీ వాలెస్ వాళ్లకు నచ్చలేదు. షికాగో సభలో మొదటి విడత ఓట్లలో వాలెస్‌దే పైచేయి. రెండో విడతలో మిస్సోరి సెనేటర్ హారీ ట్రూమన్ గెలిచాడు. ఉపాధ్యక్షుడైన 82 రోజులకే, 1945 ఏప్రిల్ 12 సాయంత్రం, స్పీకర్ శామ్ రేబర్న్ గదిలో ఉన్న ట్రూమన్‌కు వైట్‌హౌస్‌కు వెంటనే రమ్మని కబురందింది. అధ్యక్షుడు పోయాడని ఎలినోర్ రూజ్‌వెల్ట్ చెప్పింది. మీకు నేనేమైనా చెయ్యగలనా అని ఆయన అడిగితే, ఇప్పుడు కష్టంలో పడింది మీరు, మేమే మీకేం చెయ్యగలమో చెప్పండి అందామె. ప్రమాణం చేసిన ఆ సాయంత్రమే, కొత్త ఆయుధమొకటి తయారవుతోందని యుద్ధశాఖ మంత్రి స్టిమ్సన్ ముక్తసరిగా చెప్పాడు. అణుబాంబు పూర్తి వివరాలు ట్రూమన్‌కు తెలిసింది ఏప్రిల్ 25న. ఆగస్టు 6న హిరోషిమా. జబ్బుమనిషి పక్కన నిలబెట్టినవాడికి అంత పెద్ద సంగతి చెప్పకుండా ఉంచడం క్షమించరాని పని.

ఇలా మధ్యలో అధ్యక్షులైన ఉపాధ్యక్షులు ఇప్పటికి 9 మంది. కెనెడీ 1960లో టెక్సాస్ ఓట్ల కోసం తెచ్చుకున్న లిండన్ జాన్సనే 1964లో పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. అది అమెరికా అదృష్టం. ప్రతిసారీ అదృష్టాన్ని నమ్ముకోలేం.

2024 జూలైలో ట్రంప్ జె.డి. వాన్స్ పేరు చెప్పగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరని మన మీడియా అటు పరుగెత్తింది. మన ఆడపడుచన్న సంతోషం నాకూ కలిగింది. కానీ అప్పటికి ట్రంప్‌కు 78 ఏళ్లు. వాన్స్‌కు 39, సెనేట్‌లో రెండేళ్లు కూడా నిండలేదు. ఆ మాట మీద మన చర్చ ఎంత జరిగింది?

అమెరికాలో ఓటున్న మనవాళ్లను ఒక్కటే కోరుకుంటున్నాను. ఏ పార్టీ అయినా సరే, ఈసారి ఆ రెండో పేరు వినగానే, రేపే కుర్చీ ఎక్కాల్సివస్తే ఈ మనిషి దేశాన్ని నడపగలడా, నడపగలదా అని ముందు చూడండి. రాష్ట్రాల లెక్కలు పార్టీలు చూసుకుంటాయి.