పన్నెండు గంటల టోక్యో

ప్రయాణంలో మజిలీ మన పెద్దలకు కొత్త కాదు. ఎడ్లబండ్ల కాలంలో చెట్టు నీడ, ఊరబావి, సత్రం, సరాయి మజిలీలుగా ఉండేవి. నేటి విమాన ప్రయాణికునికి మజిలీ అంటే గాజు గోడల నడుమ ఒక కుర్చీ. అమెరికా పశ్చిమ తీరంలో బిడ్డలున్న తెలుగు తల్లిదండ్రులు కొందరు రాకపోకల్లో టోక్యోలో ఆగుతుంటారు. ఆ ఆరు గంటలో, పన్నెండు గంటలో మెడ వాల్చి నిద్రపోవడంతోనే గడిచిపోతాయి. అలసిన దేహానికి విశ్రాంతి హక్కే, కాదనను. అయితే ఆ గంటలు కూడా మన ఆయుష్షు నుండే ఖర్చవుతున్నాయన్న సంగతి మరువరాదు. వాటిని ఎలా వినియోగించవచ్చో మా అనుభవం నుండి నాలుగు మాటలు చెబుతాను.

డిసెంబరు తొలివారంలో నేను, నా శ్రీమతి శాన్‌ఫ్రాన్సిస్కోలోని కుమార్తె ఇంటి నుండి తిరుగు ప్రయాణమయ్యాము. సోమవారం ఇషా నమాజు చేసి బయలుదేరిన మాకు, మంగళవారం పగలు కనబడకుండానే టోక్యోలో బుధవారం తెల్లవారింది. హనేదా విమానాశ్రయంలో దిగినది ఉదయం ఐదున్నరకు. ఢిల్లీ విమానం సాయంత్రం ఐదున్నరకు. నా శ్రీమతికి మోకాళ్ళ నొప్పులు. బయటకు వెళ్ళడమా, ఇక్కడే కూర్చోవడమా అని నేను తర్జనభర్జన పడుతుంటే ఆమే తేల్చివేసింది: “కూర్చున్నా నొప్పే, నడిచినా నొప్పే. నడిస్తే నాలుగు చోట్లు చూస్తాం కదండీ!”

ముందుగా ఒక హెచ్చరిక. భారత పాస్‌పోర్టుతో విమానాశ్రయం దాటి నగరంలో అడుగుపెట్టాలంటే వీసా తప్పనిసరి. మజిలీ ప్రయాణికుల కోసమే ట్రాన్సిట్ వీసా ఉంది. దానిని స్వదేశంలోనే, ప్రయాణానికి చాలా ముందుగా సంపాదించుకోవాలి. రెండవది, మీ విమానం ఏ విమానాశ్రయంలో దిగుతుందో చూసుకోండి. హనేదా నగరానికి ఆనుకొని ఉన్నది. నరీతా దాదాపు 60 కిలోమీటర్ల దూరాన ఉన్నది. ఒకదానిలో దిగి మరొకదానిలో ఎక్కవలసి వస్తే మీ మజిలీ సగం ఆ ప్రయాణానికే సరిపోతుంది. మూడవది, పెద్ద సామాను గమ్యం వరకు నేరుగా వెళ్ళేలా తొలి విమానాశ్రయంలోనే అడిగి ఖాయం చేసుకోండి.

ఇక కాలం లెక్క. పన్నెండు గంటలంటే పన్నెండు గంటలు చేతిలో ఉన్నట్లు కాదు. తనిఖీలు ముగించి బయటపడడానికి గంటన్నర, రానూ పోనూ రెండు గంటలకు పైగా, విమానానికి మూడు గంటల ముందు తిరిగి చేరడం. ఇవన్నీ తీసివేయగా మిగిలేది ఐదు గంటలే. మజిలీ ఎనిమిది గంటలకన్నా తక్కువైతే బయటకు వెళ్ళకపోవడమే వివేకం. ఐదు గంటల్లో ఐదు చోట్లు చూడాలనుకున్నవాడు ఒక్కటీ చూడలేడు. మేము రెండే ఎంచుకున్నాము.

నమాజు వేళల లెక్క దీనికన్నా సున్నితమైనది. జపాను గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. డిసెంబరు ఆరంభంలో టోక్యోలో సూర్యోదయం ఆరు గంటల ముప్పై ఐదు నిమిషాల ప్రాంతంలో. పదకొండున్నర దాటగానే జుహర్ వేళ మొదలవుతుంది. సాయంత్రం నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. అంటే మా మజిలీలో ఫజర్, జుహర్, అసర్, మగ్రిబ్ నాలుగూ టోక్యో నేల మీదే రావాలి. విమానాశ్రయంలో వుజూ వసతి గల ప్రార్థన గది ఉన్నది. ఫజర్ అక్కడ నెరవేర్చుకొని బయటపడ్డాము. ఖిబ్లా అక్కడ కూడా పడమటి వైపే, కొంచెం ఉత్తరానికి వాలి ఉంటుంది. జూన్‌లో వెళ్ళేవారికి ఈ లెక్క తలక్రిందులవుతుంది. అప్పుడు నాలుగున్నరకే సూర్యోదయం గనుక ఫజర్ అంతకు చాలా ముందే వచ్చేస్తుంది.

ఉదయం ఏడున్నర నుండి తొమ్మిది వరకు టోక్యో రైళ్ళలో నిలువు కాలికి చోటుండదు. కొన్ని మార్గాలలో రద్దీ వేళ స్త్రీలకు ప్రత్యేక పెట్టెలు ఉన్నా, మోకాళ్ళ నొప్పులవారికి అదీ కష్టమే. అందుచేత విమానాశ్రయం నుండి నేరుగా షింజుకు వెళ్ళే బస్సు ఎక్కాము. షింజుకు రైల్వే స్టేషను ప్రపంచంలోకెల్లా అధిక రద్దీ గలది. బయటకు దారులే 200కు పైగా ఉన్నాయి. మీరు వెళ్ళవలసిన ద్వారం పేరు కాగితం మీద వ్రాసుకొని వెళ్ళండి.

స్టేషనుకు పడమట టోక్యో మహానగర ప్రభుత్వ భవనం ఉన్నది. దాని 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున, నగర దర్శనానికి ఒక వేదిక ఏర్పాటు చేశారు. ప్రవేశం ఉచితం. శీతాకాలపు నిర్మలమైన ఉదయం కావడంతో, దాదాపు వంద కిలోమీటర్ల దూరాన మంచు కప్పుకొన్న ఫుజీ పర్వతం స్పష్టంగా అగుపించింది. క్రింద కంటి చూపు ఆనినంత మేరా భవనాలు. వాటికి ఆవల 3,776 మీటర్ల నిశ్శబ్దం. నా శ్రీమతి ‘సుబ్‌హానల్లాహ్’ అని మౌనం వహించింది.

అక్కడి నుండి ఒదాక్యు రైలులో కొద్ది నిమిషాలకే యొయోగి ఉయెహారా చేరాము. పెట్టె నిండా జనమున్నా ఫోనులో మాట్లాడేవారు ఒక్కరూ లేరు. వీధుల్లో చెత్తకుండీలు అరుదు. అయినా చెత్త కనబడదు. ఎవరి చెత్తను వారే ఇంటికి తీసుకువెళతారట. పరిశుభ్రతను గురించి తరగతిలో పాఠం చెప్పే నాకు, అది అలవాటుగా మారిన వీధి కనబడింది.

స్టేషను నుండి కొద్ది దూరం నడవగానే ఇళ్ళ నడుమ ఒక గుమ్మటం, ఒక మీనారు. అదే టోక్యో జామీ. లోపల నగిషీలు, అరబీ లిపి వ్రాతలు, రంగు అద్దాల వెలుగు చూస్తే ఇస్తాంబుల్ జ్ఞాపకానికి వస్తుంది. అయితే నన్ను నిలిపివేసినది దాని సౌందర్యం కాదు, చరిత్ర.

1917 విప్లవానంతరం రష్యాను విడిచిన తాతార్ ముస్లిములు సైబీరియా, మంచూరియాల మీదుగా జపాను చేరారు. పాస్‌పోర్టు చెల్లని ప్రజలు. వారిలో అనేకులు ఉన్ని బట్టల మూట భుజాన వేసుకొని ఇంటింటా అమ్ముకొని బ్రతికారు. వారు 1927లో పిల్లల కొరకు ఒక బడి పెట్టుకున్నారు. ఆపై ముద్రణాలయం స్థాపించి 1934లో టోక్యోలోనే ఖుర్ఆన్ ముద్రించారు. మస్జిద్ వెలసినది 1938లో. దాని తొలి ఇమాము అబ్దుర్రషీద్ ఇబ్రాహీం 1944లో ఆ నగరంలోనే కన్నుమూశారు. పాత కట్టడం శిథిలమై 1986లో తొలగించగా, తుర్కియే పూనికతో నేటి మస్జిద్ 2000లో పూర్తయింది.

ఆ తాతార్లకు ముందే మన దేశస్థుడొకరు ఈ నగరంలో మజిలీ చేశారు. మౌలానా బర్కతుల్లా భోపాలీ 1909లో ఇక్కడి విదేశీ భాషల పాఠశాలలో హిందుస్తానీ అధ్యాపకునిగా చేరి, మరుసటి సంవత్సరం ఇస్లామిక్ ఫ్రెటర్నిటీ అనే ఆంగ్ల పత్రిక వెలువరించారు. బ్రిటిష్ పాలనను ఎదిరించినందుకు పత్రిక ఆగింది. 1914లో ఉద్యోగమూ పోయింది. 1915లో కాబూల్‌లో ఏర్పడిన భారత తాత్కాలిక ప్రభుత్వానికి ఆయనే ప్రధానమంత్రి. స్వతంత్ర భారతాన్ని చూడకుండానే 1927లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. మేము మూడు నెలలున్న ఊరు అదే. ఆయన గడిపిన ఐదేళ్ళ ముందు మా ఐదు గంటలు ఏపాటి!

జుహర్ జమాఅత్‌తో చేశాము. ప్రయాణికుడు ఒంటరిగా చేస్తే ఖస్ర్ రెండు రకాతులే అయినా, స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు నాలుగూ పూర్తి చేయాలి. నా ప్రక్కన ఒక ఇండోనేషియా విద్యార్థి, ఆవల ఒక జపాను యువకుడు. వెనుకన కొందరు జపాను సందర్శకులు నిశ్శబ్దంగా కూర్చుని చూస్తున్నారు. నా శ్రీమతి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి పైనున్న స్త్రీల భాగానికి చేరింది.

ఆహారం విషయంలో జాగ్రత్త అవసరం. మాంసం కనబడనంత మాత్రాన హలాల్ అనుకోరాదు. వంటల్లో మద్యపు పాలు గల మిరిన్, పంది కొవ్వు కలిసే అవకాశముంది. మస్జిద్‌లోని దుకాణంలోను, షింజుకు ప్రక్కనే గల షిన్ ఓకుబోలోను హలాల్ పదార్థాలు దొరుకుతాయి. మేము మాత్రం కుమార్తె కట్టిచ్చిన రొట్టెలు, ఖర్జూరాలతోనే సరిపెట్టుకున్నాము.

ఒంటి గంటకు బయలుదేరి రెండున్నరకల్లా హనేదా చేరాము. రైలులో నా మనసంతా ఆ సంవత్సరాల మీదే ఉన్నది. బడి 1927, మస్జిద్ 1938. నడుమ పదకొండేళ్ళు. నిలువ నీడ లేని ప్రజలు గుమ్మటానికన్నా ముందు అక్షరాన్ని నిలుపుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మా మనుమరాలికి ఏడేళ్ళు. ఆంగ్లం ధారాళంగా మాట్లాడుతుంది. అలిఫ్, బే దగ్గర ఆగిపోయింది. తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు. ఈ మూడు నెలలూ దానికి బొమ్మలు కొనిపెట్టాను, కథలు చెప్పాను. దూరాన ఉన్న బిడ్డలకు భాషనూ ధర్మాన్నీ ఎవరు అందించాలన్న ప్రశ్నకు, మూటలమ్మిన ఆ తండ్రులు తొంభై ఏళ్ళ క్రిందటే సమాధానం చెప్పి ఉన్నారు.

అసర్, ఆపై మగ్రిబ్ విమానాశ్రయంలోనే నెరవేరాయి. విమానం ఎక్కే పిలుపుకు ఇంకా కొంత వ్యవధి ఉండగా నా శ్రీమతి కుమార్తెకు ఫోను చేసింది. అక్కడ అప్పుడు అర్ధరాత్రి సమీపిస్తున్నది. “నిద్రపోతున్న పిల్లను లేపకు తల్లీ. ఈ ఆదివారం నుండి ప్రతి వారమూ అబ్బా ఫోనులో పాఠం చెబుతారు. పలక, బలపం సిద్ధం చేసి ఉంచు” అన్నది. నన్ను అడగనే లేదు. అడగవలసిన అవసరమూ లేదు.