బరువు మోయువారు

ఇంటిలో చోటు చాలదన్న మాట వచ్చినంతనే మన చూపు మీదికి పోవును. క్రింద ఎట్టి కొట్టమున్నను దానిపై నొక గది వేసికొనవచ్చునని తలంచుట గృహస్థులకు సహజము. గోడ నిలిచియున్నది గదా, మరికొంత మోయలేకపోవునా యనుకొందుము. కాని యిన్నాళ్లు తన కప్పును మోసిన గోడ మరియొక గదిని గూడ మోయుననుట యుక్తికి నిలువదు.

కరీంనగరములో మా యింటి యావరణమున వేరుగా నొక కొట్టమున్నది. మా మామగారి కాలమున అందు ఎడ్లబండి యుండెడిది. ఇప్పుడు కారు నిలుపుచున్నాము. అమ్మాయి చదువునకు సద్దులేని గది కావలసివచ్చి, దానిపై 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు గల గదిని కట్టనెంచితిమి. ఇంజనీరు వచ్చి ముందుగా గోడప్రక్కన గుంట త్రవ్వించెను. మట్టితో కట్టిన రాతిగోడకు పునాది రెండడుగులకు మించి లేదు. దాని క్రింద నల్లరేగడి. ఆదిలాబాదు ప్రాంతమున విస్తారముగా నున్న యీ నేల వానకు ఉబ్బును. వేసవికి బీటలు వాఱును. ఏటేట కదలు నేలపై రేకులకప్పు నిలుచును గాని గది నిలువదు. కావున పాతగోడపై నేమియు మోపక, గట్టి మొరము తగులుదాక త్రవ్వి, నాలుగు మూలల వేరుగా కాంక్రీటు స్తంభములు లేపి, వానిపై దూలములు పోయవలెనని నిర్ణయమైనది. గుంటలలో డబ్బు పాతిపెట్టుచున్నారని చుట్టములు నవ్విరి.

గోడ సంగతి ఇంజనీరు చూచెను. మోయు మనుష్యుల సంగతి చూడవలసినవారు ఇంటివారే. అయిదంగుళముల మందమున పోసిన ఆ గది యడుగు స్లాబు ఒక్కటియే దాదాపు 4,750 కిలోల బరువు. తట్టకు 20 కిలోలనుకొన్నను దాదాపు 240 తట్టలగును. పెద్ద కట్టడములకు యంత్రములు వచ్చినవి. ఇరుకు సందులలోని చిన్నపనికి నేటికిని మనిషి నెత్తియే ఆధారము. మా యింట ఆ తట్టలెత్తినవారిలో ఎక్కువమంది స్త్రీలు.

కూలి మాట వచ్చినపుడు సుతారి, "ఆడోళ్లకు తక్కువనే ఇస్తరమ్మా, అంతట గంతే" అనెను. ప్రక్కనున్న కూలీ స్త్రీ తలపై చుట్టబట్ట సవరించుకొనుచు, "తట్టల బరువు గూడ తక్కువ పెడ్తరా?" అని యడిగెను. సుతారి మాటాడలేదు.

సమానమైన పనికి సమానమైన కూలి యీయవలెనని 1976లో చట్టము వచ్చినది. 50 మందికి మించి స్త్రీలు పనిచేయు కట్టడముల యొద్ద పసిపిల్లలకు గది యుండవలెనని 1996 నాటి చట్టము విధించినది. నలుగురైదుగురు పనిచేయు యింటి యొద్ద ఆ గదిని ఎవరు కట్టుదురు? చట్టపు చేయి అందని చోట గృహస్థుని ధర్మమే చట్టము.

మేము స్త్రీపురుషులకు ఒకే కూలి యిచ్చితిమి. వేపచెట్టు నీడను పసిపిల్లకు చీరతో ఊయెల కట్టించితిమి. మా కుండలోని నీళ్లే, మా గ్లాసులే వారికిని. ఎండ నలువది డిగ్రీలు దాటు దినములలో మిట్టమధ్యాహ్నము పని మాన్పించి, ఆ గంటలకును కూలి యిచ్చితిమి. "రేపు ఇంకో ఇంట్ల గూడ గింతే అడుగుతరమ్మా" అని సుతారి చిన్నబుచ్చుకొనెను. అడుగవలెననియే మా కోరిక యంటిమి. స్త్రీల కూలిలో హెచ్చించిన మొత్తమంతయు గూడి కిటికీల రంగు ఖర్చంత కాలేదు.

మేడ తలపెట్టిన సోదరీసోదరులు పునాది త్రవ్వి చూచినట్లే కూలి పట్టీ విప్పి చూడుడు. అందు రెండు రేట్లు గలవేమో పరికింపుడు. పునాదిలోని లోపము మూడు వానకాలములలో బీటయై బయటపడును. కూలిలోని లోపము ఏ గోడపైనను కనబడదు. దానిని ఇంటివారే వెదకి దిద్దుకొనవలెను.