తుపాకీ లైసెన్సుకు డాక్టరు సర్టిఫికెట్ ఎందుకు?

ఇటీవల గుడివాడ ప్రాంతంలో చేపల చెరువులున్న ఒక మిత్రుడు ఫోన్ చేశారు. రాత్రిపూట చెరువుల మీద కాపలా, చేతిలో నగదు. తుపాకీ లైసెన్సు తీసుకుందామనుకున్నారట. దరఖాస్తుతోపాటు మానసిక ఆరోగ్యం గురించి వైద్యుడి సర్టిఫికెట్ కూడా జతచేయాలనేసరికి ఆయనకు చిన్నతనంగా తోచింది. "నాకేమన్నా పిచ్చా డాక్టరుగారూ?" అన్నారు. ఈ సందేహం ఇంకా చాలామందికి ఉంటుంది కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోకూడదు. కృష్ణా జిల్లావాసుల దరఖాస్తులపై, పోలీసు నివేదిక తెప్పించుకున్నాక, మచిలీపట్నంలోని కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో నిర్ణయం తీసుకుంటారు. మతిస్థిమితం లేనివారు అనర్హులు. హింసతో కూడిన నేరంలో శిక్షపడినవారు శిక్షాకాలం ముగిశాక కూడా 5 ఏళ్లపాటు అనర్హులే. సాధారణంగా 21 ఏళ్లు నిండాలి. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు గడువు మాత్రం 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది.

లైసెన్సు ఉంది కదా అని అందరికీ కనిపించేలా పట్టుకు తిరగడానికి వీల్లేదు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో పిస్తోలు ఒరలోనే ఉండాలి, పొడవాటి తుపాకీని పూర్తిగా కప్పి ఉంచాలి. ఎదుటివారి ముందు ఝళిపించడం నిషిద్ధం. ఎన్నికలొస్తే తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. పెళ్లి ఊరేగింపులోనో, గెలుపు సంబరంలోనో గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సు లేని సాధారణ తుపాకీ దొరికితే శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. సైన్యం, పోలీసులు వాడే రకపు నిషిద్ధ ఆయుధమైతే 7 నుంచి 14 ఏళ్లు. లైసెన్సు లేని ఆయుధాలు తయారుచేసి అమ్మేవారికి యావజ్జీవం దాకా పడవచ్చు.

ఇక మిత్రుడికి నచ్చని సర్టిఫికెట్ సంగతి. దాన్ని ఎస్-3 ఫారం అంటారు. 2016 నిబంధనలతో వచ్చింది. నా సర్వీసు కాలంలో లేదు. దరఖాస్తుదారుడి శారీరక, మానసిక ఆరోగ్యం ఎలా ఉన్నదీ, మద్యానికి గాని మత్తు పదార్థాలకు గాని బానిసయ్యాడా అన్నదీ అందులో వైద్యుడు రాయాలి. తుపాకీని భద్రంగా దాచుకుంటానని దరఖాస్తుదారుడు విడిగా హామీపత్రం ఇవ్వాలి.

దీని అవసరం నాకు క్యాజువాల్టీ డ్యూటీలే నేర్పాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో ఎన్నో గాయాల సర్టిఫికెట్లు రాశాను. గట్టు తగాదా, కాలువ నీటి వంతు, అన్నదమ్ముల పంపకం, వీటికి తోడు ఒంట్లో సారా. చేతికందింది కర్రో, కొడవలో అయ్యేది. తుపాకీ గాయాలు బహు అరుదు. తల పగిలినవాడికి కుట్లు వేసి పంపితే, ఏడాది తిరిగేసరికి కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ పెద్దమనుషుల ఎదుట రాజీపడేవారు. అదే కోపం ఆ క్షణంలో తుపాకీని అందుకుని ఉంటే, రాజీకి ఒక్కడే మిగిలేవాడు.

ఇంట్లో తుపాకీ వల్ల మరో ముప్పుంది. అది ఆ ఇంటివారికే. అమెరికాలో 2021లో తుపాకీ తూటాలకు 48,830 మంది మరణించారు. వారిలో 26,328 మందివి ఆత్మహత్యలు, అంటే సగానికి పైగా. అక్కడ ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, 21 ఏళ్లు నిండి ఇతర అనర్హతలు లేనివారు పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. న్యూజెర్సీలో పర్మిట్ తప్పనిసరి. పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. మనవలు స్నేహితుల ఇళ్లకు ఆడుకోవడానికి వెళ్లేటప్పుడు కూడా అదే మాట అడిగించండి.

మన డెల్టాలో తుపాకులున్న ఇళ్లు తక్కువ. పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు మాత్రం తక్కువ. 1968 పురుగుమందుల చట్టం ప్రకారం అమ్మే దుకాణానికి లైసెన్సు కావాలి, కొనేవారికి అక్కర్లేదు. తుపాకీకి అడిగే హామీపత్రం దీనికి ఎవరూ అడగరు. తుఫానుకు చేను పడిపోయిన ఏడాది దివిసీమ నుంచి వచ్చిన కౌలు రైతులకు రాత్రంతా కడుపు శుభ్రంచేసి, అట్రోపిన్ ఎక్కించి కాపాడిన సందర్భాలున్నాయి. స్పృహ వచ్చాక వారిలో చాలామంది అన్న మాట ఒకటే: "ఎందుకు తాగానో తెలియదండీ." ఆ ఘడియ దాటితే చాలామంది బతకాలనే కోరుకుంటారు. శ్రీలంక తీవ్ర విషపూరితమైన పురుగుమందులను 1995 నాటికి నిషేధించింది. ఆ తర్వాతి పదేళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు సగానికి తగ్గింది. అప్పులూ కష్టాలూ ఉన్నాయి. విషం మాత్రం చేతికి దూరమైంది.

అందుచేత మిత్రుడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఆ ఫారం ఎవరినీ పిచ్చివారని అనదు. కోపమో, దుఃఖమో ముంచుకొచ్చిన క్షణానికీ ఆయుధానికీ మధ్య కొంత ఎడం ఉండాలన్నదే దాని ఉద్దేశం. తుపాకీకి చట్టం ఏర్పరచిన ఆ ఎడాన్ని పురుగుమందుకు మనమే ఏర్పరచాలి. డబ్బాను ఇంట్లో, పశువుల కొట్టంలో ఉంచకండి. తాళమున్న పెట్టెలో పెట్టి, తాళంచెవి ఇంట్లో నిబ్బరంగల మనిషి దగ్గర ఉంచండి. అవసరమైనంతే కొనండి, మిగల్చకండి. ఎవరైనా తాగితే పోలీసు కేసు భయంతో ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అటువంటివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించి, శిక్ష నుంచి కాపాడుతుంది. మనసు బాగోలేనప్పుడు 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సిబ్బంది తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరును ఇవాళే మీ ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసి పెట్టండి.