మంచు కింద మొదటి పది నిమిషాలు

హిమాలయ యాత్రకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కోసం వచ్చే యువకులు బీపీ ఎంతుందని, తలనొప్పికి ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతారే తప్ప, మంచుచరియ మీద పడితే పక్కనున్నవాడు ఏం చేయాలో అడగకపోవడం భద్రాచలం అటవీ సరిహద్దున పనిచేసే వైద్యుణ్ణి ఎంతగానో బాధించే విషయం. అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న మాలావత్ పూర్ణతో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కిన సంగతి ఇక్కడి పిల్లలకు తెలుసు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు దారిలో మంచుగడ్డలు విరిగిపడి 16 మంది చనిపోయిన సంగతి కూడా వారికి చెప్పవలసి ఉంది.

శీతాకాలమంతా పొరలు పొరలుగా పేరుకున్న మంచులో, అడుగున నేల వెచ్చదనానికీ పైన గాలి చలికీ తేడా ఎక్కువైనప్పుడు, కింది పొర పంచదార పలుకుల్లా మారి పట్టు కోల్పోతుంది. వసంతపు ఎండకు కరిగిన నీరు ఆ పొరదాకా ఇంకితే పైనున్న మంచంతా ఒక్కసారిగా జారిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి పైపొర గట్టిపడితే తెల్లవారుజామున దాటగలిగిన వాలే మధ్యాహ్నానికి ప్రాణాంతకమవుతుంది. రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే ఉదయాన్ని కూడా నమ్మరాదు. ఈ ముప్పు పర్వతారోహకులకే కాదు: సిక్కింలోని నాథులా దారిలో 2023 ఏప్రిల్ 4న మంచుచరియ కింద చనిపోయిన ఏడుగురూ పర్యాటకులే.

మంచులో కూరుకుపోయినవారిలో ఎక్కువమంది చనిపోయేది చలికి కాదు, ఊపిరాడక. పది నిమిషాల్లో వెలికితీస్తే పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట గడిస్తే మిగిలేది ముగ్గురే. సియాచిన్‌లో 2016 ఫిబ్రవరిలో ఆరు రోజుల తరువాత ప్రాణంతో దొరికిన లాన్స్‌నాయక్ హనుమంతప్పను అందరూ తలచుకుంటారు గాని, ఆయన కూడా ఫిబ్రవరి 11న కన్నుమూశారనీ, ఆయనతోపాటు చిక్కుకున్న తొమ్మిదిమందీ అప్పటికే మరణించారనీ గుర్తుపెట్టుకునేవారు తక్కువ.

ఊపిరి ఆగిన మనిషి దగ్గర నిమిషాలు ఎలా వృథా అవుతాయో గోదావరి ఒడ్డున పనిచేసే వైద్యుడికి వేరే చెప్పనక్కరలేదు. మునిగినవాణ్ణి తలకిందులు చేసి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించి, ఆ తరువాత ఆటో కోసం పరుగెత్తి తీసుకువస్తారు. ఆసుపత్రి బల్లమీద నోరు తెరిచి చూస్తే బుగ్గల లోపల ఇసుక అలాగే ఉంటుంది, అంటే ఒడ్డున ఎవరూ వేలుపెట్టి తీయలేదన్నమాట. తల్లి అరికాళ్లు రుద్దుతూనే ఉంటుంది. ఆమెను ఏమీ అనడానికి మనసొప్పదు, కానీ అంతమంది చుట్టూ ఉండి ఒక్కరూ ఊపిరి ఊదలేదే అన్న కోపం మాత్రం చల్లారదు. మంచులోనూ జరిగేది ఇదే: సహాయక దళం వచ్చేసరికి గడువు దాటిపోతుంది, కాబట్టి జాడ తెలిపే ట్రాన్సీవర్, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, వాటిని వాడటం ముందే నేర్చి ఉండాలి.

చికిత్స సంగతి క్లుప్తమే. ముందు ముఖాన్ని బయటపెట్టి నోట్లోని మంచు తీయాలి. శ్వాస లేకపోతే నోటితో ఐదుసార్లు ఊపిరి అందించి, గుండె కొట్టుకోకపోతే 30 నొక్కులకు రెండు శ్వాసల చొప్పున కొనసాగించాలి. బ్రాందీ పోయకూడదు, ఒంటిని మంచుతో రుద్దకూడదు. చల్లబడిన ఒంటిలో నాడి చాలా నెమ్మదిగా ఆడుతుంది కనుక నిమిషంపాటు చూడాలి. గంటకు పైగా కూరుకుపోయినా నోరు, ముక్కు మంచుతో పూడుకోకుండా ఉన్నవాణ్ణి, ఒళ్లు చల్లబడిందన్న కారణంతో అక్కడే పోయాడని తేల్చకుండా, ఒంటిని వేడెక్కించగల ఆసుపత్రికి చేర్చాలి.