అరుగుదల చెప్పే ఆనవాలు

పత్తి రాబడి మీద రాసుకురమ్మని సంపాదకులు నన్ను ఆదోని మార్కెట్ యార్డుకు పంపారు. యార్డు నుంచి ఎమ్మిగనూరు రోడ్డు పట్టగానే ట్రాలీలు బాగుచేసే షెడ్డొకటి కనిపించింది. మిగతా పూట అక్కడే గడిచింది. పత్తి ధరల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పత్తిని యార్డుదాకా లాక్కొచ్చే ఇనుము గురించి రాసేవాళ్లే కనపడరు.

ఎమ్మిగనూరు వైపు రైతొకాయన తండ్రి నాటి రెండు చక్రాల ట్రాలీని తెచ్చాడు. తొట్టి గట్టిగా ఉంది, కమాను పట్టీలు బాగున్నాయి. ముందు ట్రాక్టరుకు తగిలించే రింగు మాత్రం లేదు. పాత ఇనుము కొట్లో తూకానికి కొన్న రింగును సంచిలో వేసుకొచ్చాడు.

మేస్త్రీకి డెబ్బై ఏళ్లుంటాయి. రింగును కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, బొటనవేలిని లోపలి అంచు వెంట మెల్లగా తిప్పాడు. తిరగేసి అడుగు భాగం తడిమాడు. "ఇది నీ బండికి సరిపోదప్పా, నాలుగు చక్రాల దానిది" అన్నాడు.

ఎట్లా తెలిసిందని అడిగితే నా వేలు పట్టుకుని ఆ అంచు మీద పెట్టాడు. లాగేటప్పుడు ట్రాక్టరు పిన్ను రింగు ముందు అంచునే ఒత్తుతుంది కాబట్టి ఏ రింగైనా అక్కడ అరుగుతుంది. రెండు చక్రాల ట్రాలీ అయితే బరువులో కొంత ట్రాక్టరు మీద మోపుతుంది కనుక రింగు అడుగు కూడా అరగాలి. ఈ రింగు అడుగు నున్నగా, కొత్తదానిలా ఉంది. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది మరి.

తర్వాత రింగు తోక మీది మరలకు నట్టు ఎక్కించి చూశాడు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. బలవంతం చేయలేదు, ఇంకో డబ్బా తీశాడు. 1960లో మొదలైన టాఫే వారి మాసీ, మహీంద్రా తయారుచేసిన ఇంటర్నేషనల్ పాత ట్రాక్టర్లవి అంగుళాల మరలు. 1971లో వచ్చిన హెచ్‌ఎంటీ జెటర్‌వి మిల్లీమీటర్ల మరలు. ట్రాక్టరు వెనక పరికరాలు తగిలించే కింది లింకు పిన్నులు కూడా చిన్న ట్రాక్టర్లకు 22 మిల్లీమీటర్లు, పెద్దవాటికి 28. ఈ లెక్కలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఏ పుస్తకంలోనూ రాసి పెట్టుకోలేదు.

రైతుకు ఓపిక తగ్గింది. "పక్క షెడ్డులో అయితే అరగంటలో అతికించి ఇస్తారంట మేస్త్రీ."

"అతికించొచ్చు. అతుకు పక్కనే చిట్లుతాది. ఆ తొట్టిలో కూచునేది మన కూలోళ్లే కదప్పా."

ఆ మాటకు నేను తలవంచాను. సాగగొట్టి చేసిన గట్టి ఉక్కును ముందుగా వేడెక్కించకుండా వెల్డింగ్ చేస్తే, అతుకు పక్కనున్న లోహం పెళుసెక్కి పగులుతుంది. ఆ పగులు పైకి కనపడదు. ఇక ఈ రోడ్ల మీద పిన్ను బదులు ఇంటి స్లాబుకు వాడే కమ్మీ ముక్క దూర్చి, జారిపోకుండా కాపాడే లించ్ పిన్ను కూడా పెట్టకుండా, మనుషుల్ని ఎక్కించుకుని పోయే ట్రాలీలు చూస్తే కోపం ఆగదు. ఏ పొలంలోనైనా కూలికి పోయే ఆడవాళ్లు ప్రాణాలు పెట్టేది ఆ ఒక్క ముక్క మీదే.

పాత ఇనుము కొట్లో ఇలాంటి రింగులు, కొక్కేలు, టర్న్‌టేబుల్ పళ్లేలు ఏ బండివో తెలియకుండానే కరిగిపోతున్నాయి. ఐటీఐల్లో మెకానిక్ ట్రాక్టర్ ట్రేడు ఉంది. ఆ పిల్లల ముందు ఒక బల్ల వేసి, పాత భాగాలు పేర్చి, కొలతలు రాసి, ఈ మేస్త్రీల్లాంటి వాళ్లను గౌరవ వేతనమిచ్చి కూర్చోబెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. చేయాలన్న పట్టింపు ఉంటే చాలు. వాళ్లు పోయాక ఆ బల్ల వేసినా వివరం చెప్పేవాళ్లు ఉండరు.

రైతులకు ఒక మనవి. పాత ట్రాలీ బాగుచేయించుకునేటప్పుడు ట్రాక్టరును కూడా వెంట తీసుకెళ్లండి. కొత్త భాగం కుదిరేదాకా పాతది తూకానికి వేయకండి. పిన్ను స్థానంలో కమ్మీ ముక్క ఉంటే, మళ్లీ బండి కట్టే ముందే మార్చండి.